స్వస్థత పొందినవాడి ఇంజక్షన్లు

"మందు సరిగ్గా వేసుకోని పేషెంటు" అని ఆసుపత్రిలో నాకు పేరు. నా మంచం పక్కన నిలబడి, చదువుకునే డాక్టర్లకి నన్ను చూపిస్తూ అన్నారా మాట. "ఈయన చదువుకున్నాయనే. స్కూల్లో టీచరు. మందు ఉచితంగా ఇస్తున్నాం, ఇంట్లో వేసుకోవడం నేర్పించాం. అయినా వేసుకోరు. ఇదీ మన సమస్య." పిల్లలంతా నా వైపు జాలిగా చూశారు. ఎందుకు వేసుకోలేదని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అడగని ఆ ప్రశ్నకి జవాబు రాస్తున్నాను. కర్ర లేకుండా నడుస్తున్నాను, బల్ల ముందు కాసేపు కూర్చోగలుగుతున్నాను. కోపం ఇంకా ఉంది. అది చల్లారిపోయాక రాస్తే మర్యాదలు అడ్డొస్తాయి.

నాది హీమోఫీలియా. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థం ఒకటి నా ఒంట్లో పుట్టుకతోనే లేదు. చెయ్యి తెగితే మనిషి పోతాడని జనం అనుకుంటారు. అసలు బాధ అది కాదు. రక్తం లోపల కారుతుంది. మోకాల్లో, మడమలో, మోచేతిలో. ముందు కీలు లోపల కాస్త వెచ్చబడుతుంది, గోలీసోడా కొట్టినప్పుడు పొంగినట్టు బుసబుసమంటుంది. పైకేమీ కనపడదు. కాసేపటికి కీలు బిగుస్తుంది. ఆ తర్వాత నొప్పి మొదలవుతుంది, దాన్ని వర్ణించే ఓపిక నాకు లేదు. అలా కారిన ప్రతిసారీ కీలు కొంచెం అరిగిపోతుంది. నా ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. నాకింకా నలభై రాలేదు.

మాది కొవ్వూరు దగ్గర పల్లె. నాన్న మా చర్చిలో సంఘపెద్ద, ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. నేను డిగ్రీలో ఉండగా పోయారు. అమ్మ పేరు సుగుణమ్మ. ఆమె మాట ఊళ్ళో చెల్లుతుంది. ఎందుకు చెల్లుతుందో చెప్తాను.

నాకు పదకొండో పన్నెండో ఉన్నప్పుడు ఒక ఏడాది నా కీళ్ళు వాచలేదు. ఆ ఏడు నేను బడి మానేసి ఇంట్లోనే మంచం మీద ఉన్నాను, ఆటల్లేవు, సైకిల్ లేదు. అందుకే వాచలేదు. అమ్మ అలా అనుకోలేదు. ఆ వేసవిలో మా ఊరి మైదానంలో సువార్త కూటాలు పెట్టారు. చివరి రోజున అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకెళ్ళింది. మైకులో సాక్ష్యం చెప్పింది. "నా బిడ్డని డాక్టర్లు వదిలేశారు. దేవుడు ముట్టాడు. వాడి ఒంట్లో ఇప్పుడు ఏ జబ్బూ లేదు." జనం ఏడ్చారు, చప్పట్లు కొట్టారు. ఆ పక్క ఊరివాళ్ళు వచ్చి నా మోకాలు ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

నాలుగు వారాలు తిరక్కుండా ఆ మోకాలే మళ్ళీ వాచింది. అమ్మ తలుపేసింది. "గడప తట్టుకుని పడ్డాడండి," అని చెప్పింది, చూడ్డానికొచ్చినవాళ్ళకి.

అప్పటినుంచి నాకు జబ్బు లేదు. గడపలు తట్టుకున్నాను, కాలవగట్టు మీద జారాను, సైకిల్ మీంచి పడ్డాను, బస్సు దిగుతుంటే కాలు మడతపడింది. ఊళ్ళో నాకు 'నిదానం లేనివాడు' అని పేరు. ప్రతి ఏటా ఎవరో ఒకరు అడిగేవారు, అమ్మ సాక్ష్యం మళ్ళీ చెప్పేది. నేను పక్కన నిలబడాలి. నొప్పితో నిలబడినరోజులూ ఉన్నాయి.

నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణే, ఇప్పటికీ. ఈ మాట ముందే చెప్తున్నాను, తర్వాత ఎవరూ నా నోట్లో వేరే మాటలు పెట్టకుండా.

నిర్మలకి పెళ్ళికి ముందే నేను చెప్పేశాను. అమ్మ వద్దంది, అయినా చెప్పాను. రాజమండ్రి పుష్కరాల రేవులో మెట్ల మీద కూర్చుని అంతా విని, "కాళ్ళు నొప్పిగా ఉంటే ఈ మెట్లెందుకు దిగారు? పైన కూర్చుందామంటే సరిపోయేది కదండీ," అంది. అంతే అంది. ఆమె గ్రామ సచివాలయంలో పనిచేస్తుంది. మాకొక పాప, హెప్సీ.

హెప్సీ పుట్టినప్పుడు అమ్మ ఆనందంతో ఏడ్చింది. "ఆడపిల్ల. గండం ఇక్కడితో గడిచిపోయింది నాన్నా," అంది. గడవదు. ఈ జబ్బున్న తండ్రికి పుట్టిన ప్రతి ఆడపిల్లా దాన్ని మోస్తుంది. నన్ను చూసే రాజమండ్రి ఆసుపత్రి డాక్టరమ్మ మాకు బొమ్మ గీసి మరీ చెప్పింది. అమ్మకి నేను చెప్పబోతే చెవులు మూసుకుంది.

పాప నడక నేర్చుకుంటున్న రోజుల్లో నాకు ముందస్తు ఇంజక్షన్లు మొదలుపెట్టారు. అంతకుముందు రక్తం కారాక ఫ్యాక్టర్, అంటే నా ఒంట్లో లేని ఆ పదార్థం, ఎక్కించేవారు. ఇప్పుడు కారకుండానే వారానికి రెండుసార్లు ఎక్కించుకోవాలి. "ఏటిగట్టు తెగాక ఇసుకబస్తాలు వేస్తారా, వరదకి ముందే గట్టు చూసుకుంటారా? ఇదీ అంతే," అంది డాక్టరమ్మ. నరం ఎక్కడ దొరుకుతుందో, పొడిలో నీళ్ళు కలిపి కుదపకుండా ఎలా తిప్పాలో నర్సు నేర్పింది. మొదట్లో గుచ్చుకుని గుచ్చుకుని చెయ్యంతా కమిలింది. తర్వాత చెయ్యి తిరిగింది.

మందు అందక తిప్పలు కూడా ఉన్నాయి. గోదారి వంతెన దాటి ఆసుపత్రికి వెళ్తే "స్టాకు రాలేదు, సోమవారం రండి" అనేవారు. సోమవారం వెళ్ళడానికి హెడ్మాస్టరుకి మళ్ళీ ఏదో అబద్ధం చెప్పాలి. అలా పోయిన డోసులు కూడా నా లెక్కలోనే రాశారు. రానివాడు ఇతనే అన్నారు.

అయినా ఆ కొన్ని నెలలు నా జీవితంలో ఎప్పుడూ లేనివి. ఒక సాయంత్రం నిర్మలతో, పాపని ఎత్తుకుని, గోదారిగట్టు దాకా నడిచి వెళ్ళి నడిచి వచ్చాను. మర్నాడు పొద్దున కాలు కింద పెట్టి లేచి నిలబడ్డాను. ఏమీ కాలేదు. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాను.

ఈ మందుతో వచ్చిన చిక్కు అదే. అది పనిచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడాన్ని ఎవరైనా తమ ఖాతాలో వేసుకోవచ్చు. అమ్మ వేసుకుంది.

"చూశావా నాన్నా. ఇన్నాళ్ళయి నీకు ఒక్క నొప్పి లేదు. దేవుడిచ్చిన స్వస్థత నిలిచే ఉంది. ఇంకా ఈ సూదులెందుకు?"

"ఈ సూదుల వల్లే నొప్పి లేదమ్మా."

"అలా అనకు. విన్నవాళ్ళు ఏమనుకుంటారు?"

విన్నవాళ్ళు. మా ఇంట్లో ఎప్పుడూ విన్నవాళ్ళుంటారు. చర్చి స్త్రీల సమాజం మా హాల్లోనే జరుగుతుంది. ఫ్రిజ్ ఆ హాల్లోనే ఉంది. మందు పెట్టె కూరగాయల అర అడుగున, గోంగూర కట్టల కింద ఉండేది. అమ్మ ఎప్పుడూ "వద్దు" అనలేదు. వద్దంటే ఎదురు చెప్పడం నాకు తెలుసు. ఆమె "ఇవాళ వద్దులే, రేపు వేసుకో" అనేది. ఇవాళ ప్రార్థన కూడిక, రేపు పాస్టరు అయ్యగారొస్తారు, ఎల్లుండి మీ మావయ్య దిగుతాడు. గది తలుపు గడియ పెట్టుకుంటే ఎవరో తట్టేవారు. సూది గుచ్చుకునే సమయానికి "దయా, నీకోసం వచ్చారు నాన్నా" అని పిలుపు. చేతి మీద మచ్చలు కనపడకుండా మండువేసవిలో ఫుల్ చేతుల చొక్కాలు. రేపు, రేపు అంటూ మానేసిన డోసులు పేరుకుపోయాయి.

నిర్మల కొట్లాడింది. "అత్తయ్యగారూ, ఆయన కాళ్ళు ముఖ్యమా మీ సాక్ష్యం ముఖ్యమా?" అని అడిగేసింది ఒకసారి.

అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నువ్వు నిన్న గాక మొన్న వచ్చావమ్మా. వాణ్ణి నా రెండు చేతులతో బతికించుకున్నాను."

ఆ మాట నిజమే. అదే నన్ను ఎక్కువ మండిస్తుంది.

సార్వా కోతలయ్యాయి. మా చర్చిలో కోతపండుగ వచ్చింది. వాక్యం చెప్పడానికి వేరే జిల్లా నుంచి ఒక పెద్దాయన్ని పిలిచారు. ఆయనా ఆయన భార్యా, మా మావయ్య కుటుంబం, అందరూ మా ఇంట్లోనే. మా గది వాళ్ళకిచ్చేశాం. ఫ్రిజ్ ఎవరు పడితే వాళ్ళు తెరుస్తున్నారని అమ్మ మందు పెట్టె తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవులు ఆమె నడుముకి. జనం మధ్యలో పిల్లాడు జీళ్ళు అడిగినట్టు నా మందు నేను అడగాల్సొచ్చింది. అడిగాను. "ఇంతమందిలో ఎక్కడేసుకుంటావు నాన్నా, పండగెళ్ళనీ," అంది. నిర్మల ఆఫీసులో ఏదో సర్వే మీద రోజంతా ఊళ్ళు తిరుగుతోంది. వారం గడిచిపోయింది.

కోతపండుగనాడు ఆరాధన అయ్యాక, తెచ్చిన పంట వేలం వేస్తారు. గుమ్మడికాయలు, కొబ్బరిగెలలు, ధాన్యం, కోళ్ళు, అరటిగెలలు. ఒక్కొక్కటీ ఎవరో పైకెత్తి చూపించాలి. వచ్చిన పెద్దాయన మైకులో అన్నాడు, "సుగుణమ్మగారి అబ్బాయి ఏడీ? దేవుడు ముట్టిన బిడ్డ! రా బాబూ, ఈ గెల నువ్వెత్తు. దేవుడేం చేయగలడో అందరూ చూడాలి."

పెద్ద చక్రకేళీ అరటిగెల. చర్చి అంతా నా వైపు తిరిగింది. అమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది, ముఖం వెలిగిపోతోంది. ఎత్తాను. పైకెత్తి పట్టుకున్నాను. చప్పట్లు.

సాయంత్రానికి కుడి గజ్జల్లో లోతుగా ఏదో పట్టేసింది. కాలు చాపలేను. మర్నాటికి కాలు కడుపు దగ్గరికి ముడుచుకుని ఒక పక్కకి పడుకుని ఉన్నాను. తొడ ముందుభాగం ముట్టుకుంటే ఎవరిదో తొడలా ఉంది. కీలు కాదిది, లోపల కండలోకి కారుతోందని నాకు తెలుస్తూనే ఉంది. "అమ్మా, బీరువా తెరు. నిర్మలకి ఫోన్ చెయ్యి," అన్నాను. పొద్దున్నే సర్వేకి వెళ్ళిన నిర్మల ఫోన్ కలవలేదు. అమ్మ పెట్టె తెచ్చింది. కానీ నా చేతులు వణుకుతుంటే నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చాను. అమ్మకి చేతకాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు.

అప్పుడామె మా ఊరి ఆరెంపీ డాక్టరుని పిలిపించింది. ఆయన మా సంఘంవాడే. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి మందు పెట్టె మంచం కిందికి వెళ్ళిపోయింది.

"కండ పట్టేసిందండి. నిన్న గెల ఎత్తారు కదా. ఒక ఇంజక్షనిస్తే వదిలేస్తుంది," అన్నాడాయన.

"నాకు కండకి ఇంజక్షన్ చెయ్యకూడదండి," అన్నాను.

"ఏం? ఎందుకని?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ నవ్వింది. "వాడికి చిన్నప్పట్నుంచీ సూదంటే భయమండి, డాక్టర్ గారూ. మీరెయ్యండి."

చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దు, నాకు రక్తం ఆగదు" అన్నాను. ఆ మాట ఆయన విన్నాడో లేదో. అమ్మ నా చెయ్యి తీసి తన రెండు చేతుల్లోకి తీసుకుంది, ప్రేమగా, ప్రార్థన చేసుకుంటూ. ఆయన తుంటి మీద పొడిచాడు.

నా జీవితంలో నా మీద చాలా సూదులు గుచ్చారు. ఆ ఒక్కటి మర్చిపోను.

మధ్యాహ్నానికి నిర్మల వచ్చింది. వాచిన తుంటి చూసింది, అమ్మ వైపు చూసింది. మంచం కింద పెట్టె తీసి తనే మందు కలిపింది, నేను చెప్తుంటే నా చేతికి తాడు బిగించింది, మొదటిసారి నా నరంలో సూది తనే పెట్టింది. దొరికింది. తర్వాత పక్కింటివాళ్ళ కారు తెచ్చింది. కారెక్కిస్తుంటే గుమిగూడిన వాళ్ళతో అమ్మ అంటోంది, "అపెండిసైటిసట అండి. ప్రార్థన చెయ్యండి."

ఆ క్రిస్మస్ ఆరాధనలో మా ఊరు ఊరంతా నా అపెండిక్స్ కోసం ప్రార్థించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఆఖరి డోసు ఎప్పుడేసుకున్నారు? ఇవాల్టిది కాక."

"వేసుకుంటూనే ఉన్నాడండి. ఒక్కటి మానలేదు," అంది అమ్మ. డాక్టరుకి! నా ప్రాణం చూసే మనిషికి! సరిగ్గా వేసుకుంటున్నా ఇలా కారిందంటే మందు ఒంటికి పడటం లేదేమోనని, ఇంకో జబ్బేదో మొదలైందేమోనని డాక్టరమ్మ కంగారుపడింది. నిర్మల అమ్మని వెనక్కి జరిపింది.

"లేదండీ. చాలా మానేశారు. ఆవిడ చెప్పేది నమ్మకండి."

అప్పుడే ఆ పేరు పడింది నాకు. సరిగ్గా వేసుకోని పేషెంటు.

వార్డులో చాలా రోజులున్నాను. కాలు చాపడానికి మోకాలి కింద దిండ్లు ఒక్కొక్కటే తగ్గించేవారు. క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. పక్క మంచంలో యానాం దగ్గర నుంచి వచ్చిన వెంకటేశ్వరరావుగారని ఒకాయన ఉండేవారు. నా జబ్బే. యాభై దాటాయి, రెండు మోకాళ్ళూ బిగుసుకుపోయాయి. నన్ను చూడ్డానికొచ్చిన నిర్మలకి కుర్చీ లేకపోతే తన మంచం మీద చోటిచ్చేవారు, వాళ్ళావిడ తెచ్చిన చారన్నంలో సగం నాకు పెట్టించేవారు. నా కథ విని చాలాసేపు నవ్వారు.

"మీది నయం మాస్టారూ, మీకు దేవుడి పేరొచ్చింది. మాది యానాం పక్కన కదండీ, మద్యం చవక, నేను కుంటుతుంటే మావాళ్ళంతా తాగొస్తున్నాననుకునేవారు. మా నాన్న అదే ఖాయం చేశాడండి. 'తాగుబోతంటే పిల్లనిస్తారు, రక్తం జబ్బంటే ఇవ్వరు' అన్నాడు. చుక్క ముట్టకుండా ఇరవయ్యేళ్ళు తాగుబోతుని."

నేనూ నవ్వాను. తర్వాత ఆయన దుప్పటి తీసి మోకాళ్ళు చూపించారు. చెట్టు మొదళ్ళలా ఉన్నాయి. "మా రోజుల్లో ఈ ముందస్తు మందు లేదండి," అన్నారు. "ఉండి వేసుకోకపోవడమేంటి మాస్టారూ?" ఆయన గొంతులో నవ్వు లేదు.

చదువుకునే డాక్టర్లకి డాక్టరమ్మ నన్ను పాఠంగా చూపించింది ఆ మర్నాడే. నిర్మల పక్కనే ఉంది. వాళ్ళు వెళ్ళబోతుంటే ఆపింది.

"మేడమ్, ఈయన ఎందుకు వేసుకోలేదో మీరు అడగలేదు."

"ఎందుకమ్మా?"

నిర్మల చెప్పింది. ఫ్రిజ్, గోంగూర, బీరువా తాళాలు, సాక్ష్యం, అరటిగెల, అన్నీ. చదువుకునే పిల్లలు నోట్సు రాయడం మానేశారు.

"మొదటే చెప్పాల్సింది కదా," అంది డాక్టరమ్మ.

"మీరు అడిగితే కదండీ," అన్నాన్నేను. నా గొంతు పెద్దదైంది, వార్డంతా చూసింది. "ఎన్ని డోసులు మానేశావనే అడిగారు ఎప్పుడూ. ఏ గదిలో వేసుకుంటున్నావు, ఎవరికి తెలుసు, ఎవరికి తెలియకూడదు, ఒక్కసారి అడిగారా?"

ఆమెకి కోపం వచ్చినట్టే ఉంది. గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. మూడు రోజుల తర్వాత నా అవతలి పక్క మంచంలో కొత్తగా చేరిన మనిషిని ఆమె అడుగుతుంటే విన్నాను, "ఇంట్లో ఎక్కడ వేసుకుంటారు? మీ ఇంట్లో ఎవరెవరికి తెలుసు?"

రెండో పంట దాళ్వా నాట్లు పడుతుండగా కర్రతో ఇంటికొచ్చాను. తొడ మీద కొంతమేర ఇప్పటికీ స్పర్శ లేదు. ఫిజియోథెరపీకి వంతెన దాటి వెళ్ళొస్తున్నాను. మొదటి పని, మందు పెట్టె ఫ్రిజ్‌లో పై అరలో పెట్టాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను మార్పనుకున్నాను.

ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాలు మొదలైన వారంలో ఒక ఆదివారం సాయంత్రం చూస్తే మా ముంగిట్లో షామియానా వేస్తున్నారు. కృతజ్ఞతా కూడిక. కత్తిగాటు లేకుండా అపెండిసైటిస్ తగ్గించిన దేవుడికి. నాకు ఎవరూ చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళు, బంధువులు, అయ్యగారు, అందరూ వచ్చేశారు. నిడదవోలు వైపు నుంచి అమ్మ పిన్నికూతురు గ్రేసమ్మ పిన్ని కూడా వచ్చింది, కొడుకు సుధాకర్‌ని తీసుకుని. సుధాకర్‌కి ఇరవై నాలుగు. రొయ్యల మేత కొట్లో లెక్కలు రాస్తాడు. కుడి మోకాలు వంగిపోయి అలాగే ఉండిపోయింది. చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడ్డాడని మాకు చెప్పారు. మేం నమ్మాం. తాటిచెట్టు ఎక్కే పిల్లాడు కాదే అని నాకొకసారి అనిపించింది కూడా.

పాటలయ్యాయి. అమ్మ లేచింది. మైకు తీసుకుంది.

"నా బిడ్డని దేవుడు ఒకసారి కాదు, రెండుసార్లు..."

నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. కోపం వచ్చిందని చెప్పడం తక్కువే. తొడలో స్పర్శ లేని చోటు దాకా మండింది.

"నాకు మనవడు కాదు, మనవరాలు పుట్టింది. నా బిడ్డ పడిన బాధ దాని దాకా రాకుండా దేవుడు..."

"అమ్మా, ఆపు."

కర్ర పట్టుకుని లేచాను. మైకు అక్కర్లేదు, ఊరికి వినపడేలాగే చెప్పాను. "నాకు అపెండిసైటిస్ రాలేదు. నాకు హీమోఫీలియా ఉంది. పుట్టినప్పట్నుంచీ ఉంది, ఏ రోజూ పోలేదు. మందుతో బతుకుతున్నాను. ఆ మందు ఈ ఇంట్లో దొంగసారా దాచినట్టు దాచి, వేసుకోవాల్సిన రోజున వేసుకోకుండా పండక్కి అరటిగెల ఎత్తి పడిపోయాను. నా కూతురు కూడా ఇది మోస్తోంది. దానికి పుట్టే పిల్లలకి రావచ్చు. రేపు దానిచేత కూడా అబద్ధం చెప్పిస్తావా?"

అయ్యగారు లేచారు. "దయాకరూ, ఆవేశపడకు బాబూ. ఈ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ప్రార్థనతో ముగిద్దాం," అన్నారు.

"తర్వాత అంటే ఎప్పుడండి?" అంది ఒక ఆడగొంతు. గ్రేసమ్మ పిన్ని. ఆమె అయ్యగారిని అడగడం లేదు. అమ్మ వైపు నడిచింది, దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అక్కా. నాక్కూడానా?"

అమ్మ మైకు దించింది.

"మావాడికి మోకాలు వాచినప్పుడల్లా నీకు ఫోన్ చేసి ఏడ్చాను కదక్కా. జబ్బు పేరు చెప్పలేదు, నిజమే. సిగ్గుపడ్డాను. 'దయాకి తగ్గించిన దేవుడు నీ బిడ్డకి తగ్గించడా, డాక్టర్ల చుట్టూ తిరక్కు' అన్నావు. ఎన్ని కూటాలకి ఎత్తుకెళ్ళానో నీకు తెలుసు. మందుందని నీకు తెలుసు. నీ ఫ్రిజ్‌లో ఉందక్కా మందు."

సుధాకర్ వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. తల దించుకుని తన మోకాలు చూసుకుంటున్నాడు. ఒకే రక్తం, రెండు ఇళ్ళు. ఒక ఇంట్లో తాటిచెట్టు, ఒక ఇంట్లో దేవుడు. నా సంగతి సరే, నా కీళ్ళు ఎప్పుడో పోయాయి. వాడి మోకాలు బాగుండాల్సింది.

ఆ వారంలోనే సుధాకర్‌ని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి బయల్దేరాం. గ్రేసమ్మ పిన్ని ఒక్క పట్టు పట్టింది. "అక్క వస్తేనే నేనొస్తాను. ప్రార్థన చాలని నాకు చెప్పింది ఆమె. ఆమే వచ్చి డాక్టరుకి చెప్పాలి." అమ్మ చీర మార్చుకుని వచ్చి ఆటోలో కూర్చుంది.

డాక్టరమ్మ సుధాకర్ మోకాలు చూసింది. పూర్తిగా సాగదని, కొంత సాగదీయవచ్చని, కారకుండా మాత్రం ఆపవచ్చని చెప్పింది. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "మీ పుట్టింట్లో ఇంకెవరికైనా ఉండేదా అమ్మా?"

లేదంటుందనుకున్నాను. నేను సిద్ధంగానే ఉన్నాను, మళ్ళీ అరవడానికి.

"మా తమ్ముడండి," అంది అమ్మ.

గ్రేసమ్మ పిన్ని తలెత్తింది. "దానియేలా? వాడు కాలవలో పడి చనిపోయాడు కదక్కా?"

"పడలేదు. పాలపన్ను ఊడింది. రక్తం ఆగలేదు. నేనే గుడ్డలు మార్చాను. మార్చి మార్చి కాలవలో జాడించుకొచ్చాను. వాడు తెల్లగా అయిపోయాడు." అమ్మ డాక్టరు బల్ల అంచు పట్టుకుంది. "మా అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. నాకు పెళ్ళి కాదని. కాలవలో పడ్డాడని చెప్పమంది. చెప్పాను."

డాక్టరమ్మ పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"రాసుకోండమ్మా," అంది అమ్మ. "దానియేలు. తర్వాత నా మనవరాలి పేరు కూడా రాసుకోండి. హెప్సీ."

ఇది చదివి మీరు మెత్తబడవచ్చు. నేనూ కొంత మెత్తబడ్డాను, ఆ గదిలో. బయటికొచ్చాక మళ్ళీ కోపం వచ్చింది. ఇంకా ఎక్కువొచ్చింది. ఆమెకి ముందునుంచీ తెలుసు. రక్తం ఎలా కారుతుందో, మనిషి ఎలా తెల్లబడతాడో తన చేతులతో చూసి, నా చెయ్యి పట్టుకుని ఆ ఇంజక్షన్ వేయించింది. భయం వల్లేనని నిర్మల అంటుంది. కావచ్చు. భయపడినవాళ్ళు చేసిన పనికి కూడా మోకాళ్ళు పోతాయి. క్షమించావా అని అయ్యగారు అడిగారు. ఇంకా లేదన్నాను.

మీ ఇంట్లో ఇలాంటి మందు ఉంటే ఫ్రిజ్‌లో ఎదురుగా పెట్టండి. పేషెంటు మతిమరుపువాడనీ బద్ధకస్తుడనీ అనేముందు, అతను ఎవరికి కనపడకుండా వేసుకోవాల్సొస్తోందో చూడండి. నాకు తెలిసిన హితవు ఇంతే.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. పొట్టి చేతుల చొక్కాలు కొనుక్కున్నాను. సుధాకర్ వారానికి రెండుసార్లు ఫోన్లో వీడియో పెట్టి నాతోపాటే వేసుకుంటాడు. వాడికింకా నరం సరిగ్గా దొరకదు, నన్ను తిడతాడు. అమ్మ ఇప్పుడు సాక్ష్యం చెప్పడం లేదు. వెనక్కి తీసుకోనూ లేదు. స్త్రీల సమాజానికి రావడం కొందరు మానేశారు.

నిన్న పొద్దున హాల్లో కూర్చుని చేతికి తాడు బిగించుకుంటుంటే వీధిలో ఎవరో నా కోసం పిలిచారు. మా స్కూలు పాత హెడ్మాస్టరుగారు. అమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళింది. నేను సూది పట్టుకుని ఆగాను.

గుమ్మం పట్టుకుని ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది. తర్వాత, తప్పొప్పుకుంటున్న మనిషి గొంతుతో, అయినా వీధికి వినపడేలా అంది.

"ఇంజక్షన్ వేసుకుంటున్నాడండి. వచ్చి కూర్చోండి."

ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. నేను సూది గుచ్చుకున్నాను.